కెమిస్ట్రీ 61 నుంచి 138: ఒక మలక్‌పేట లాంగ్‌టర్మ్ అమ్మాయి అనుభవం

నీట్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. ఇంకా పొద్దున నాలుగున్నరకే మెలకువ వస్తోంది. లేచి కూర్చున్నాక చదవాల్సింది ఏమీ లేదని గుర్తొచ్చి మళ్లీ పడుకుంటున్నాను. కలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: కెమిస్ట్రీ అంత ఎలా పెరిగింది? మొదటిసారి నాకు 180కి 61 వచ్చాయి. ఇరవై రైటు, పందొమ్మిది తప్పు, ఆరు వదిలేశాను. ఏడాది లాంగ్‌టర్మ్ (పరీక్ష మళ్లీ రాయడానికి తీసుకునే కోచింగ్) తర్వాత ఈసారి 138, అంటే ముప్పై ఆరు రైటు, ఆరు తప్పు. ఈ తేడాలో ఎక్కువ భాగం ఆర్గానిక్‌ది (కర్బన రసాయనానిది), అందుకే దాని గురించే రాస్తున్నాను. బయాలజీకి చెప్పడానికేమీ లేదు, ఎన్‌సీఈఆర్‌టీ చదివాను, అయిపోయాక మళ్లీ చదివాను. ఫిజిక్స్ గురించి నన్ను అడగకండి, అది గండం గడిచినట్టు గడిచింది.

ఇంటర్ రెండేళ్లూ ఆర్గానిక్‌ని నేను ఎక్కాల్లాగా చదివాను. ల్యూకాస్, హిన్స్‌బర్గ్, కార్బిలమీన్, అయోడోఫామ్, ఇలా పదార్థాలను గుర్తుపట్టే పరీక్షలన్నీ చార్టు మీద రాసి గోడకు అంటించాను. అడిగితే నిద్రలో కూడా చెప్పేదాన్ని. ఇక బయోమాలిక్యూల్స్ (చక్కెరలు, ప్రొటీన్లు, విటమిన్లు) అంటే ‘చివరి చాప్టర్, రెండు రోజుల పని’ అని మా క్లాసులో అందరి నమ్మకం. విటమిన్ల టేబుల్ బట్టీ పట్టేసి అయిపోయిందనుకున్నాను. ఆల్డిహైడ్‌ల చాప్టర్‌కీ చక్కెరల చాప్టర్‌కీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే రాలేదు. టెన్త్ తెలుగు మీడియంలో ‘ప్రమేయ సమూహం’ అనే మాట నేర్చుకున్నాను. నిజానికి ఫంక్షనల్ గ్రూప్ కంటే ఆ మాటే నాకు నచ్చుతుంది. కానీ ఆ సమూహం ఏ అణువులో కూర్చున్నా తన పని తాను చేస్తుందని నాకు లాంగ్‌టర్మ్‌లో గానీ అర్థం కాలేదు.

లాంగ్‌టర్మ్‌లో దసరాకు ముందు ఒక గ్రాండ్ టెస్ట్ పెట్టారు. ప్రశ్న చిన్నది: వీటిలో టోలెన్స్ కారకంతో (ఆల్డిహైడ్‌ను పట్టించే కారకం) చర్య జరపనిది ఏది? గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మాల్టోజ్, సుక్రోజ్. ఫ్రక్టోజ్ కీటోన్, కీటోన్‌లు టోలెన్స్ ఇవ్వవు, కాబట్టి ఫ్రక్టోజ్. అర నిమిషం కూడా పట్టలేదు, తప్పు. అసలు పరీక్షలో నేను చేసిన పందొమ్మిది తప్పుల్లో చాలావరకు ఇలాంటివే, రూలు తెలిసి చేసిన తప్పులు. డౌట్ అడిగితే మా సార్ ‘అది ఎక్సెప్షన్, గుర్తు పెట్టుకో’ అన్నారు. ఎర్ర పెన్నుతో ‘ఎక్సెప్షన్లు’ అని ఒక లిస్టు మొదలుపెట్టాను. దసరా సెలవులు అయ్యేసరికి అది నాలుగు పేజీలైంది. నాలుగు పేజీల ఎక్సెప్షన్లున్న రూలు ఇక రూలేంటి?

మా నాన్న స్వీట్ మాస్టర్. దీపావళి ముందు మూడు రోజులు షాపులో చేతులు చాలవు. క్లాసులు మానేసి నేనూ వెళ్లాను. దీని మీద చుట్టాలు, కోచింగ్ వాళ్లు అన్న మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి, దాని సంగతి తర్వాత చెబుతాను. గులాబ్‌జామ్ పాకం పొయ్యి మీద ఉంది. నాన్న అందులో నిమ్మకాయలు పిండుతున్నాడు. పులుపు కోసమా అని అడిగాను.

‘పులుపుకెందుకు? ఇది పిండకుంటే తెల్లారేసరికి పాకం పలుకులు కడ్తది బిడ్డా. మళ్ల చక్కెరే అయితది.’

పాకం గిన్నె ముందు నిలబడి నాకు నోట మాట రాలేదు. చక్కెర అంటే సుక్రోజ్. ఒక గ్లూకోజ్ మొదటి కార్బన్, ఒక ఫ్రక్టోజ్ రెండో కార్బన్ మధ్యలో ఆక్సిజన్‌తో అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు పేరు గ్లైకోసిడిక్ బంధం, కానీ మనిషిని చూస్తే అది ఆల్డిహైడ్‌ల చాప్టర్‌లో చదివిన ఎసిటాల్. ఎసిటాల్ క్షారానికి లొంగదు, ఆమ్లానికి విరుగుతుంది. నిమ్మరసం, వేడి కలిసి కొంత సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విరగ్గొడుతున్నాయి. మూడు రకాల అణువులు కలిసిపోయాక స్ఫటికం కట్టడం కష్టం. పుస్తకంలో ‘ఇన్వర్ట్ షుగర్’ అని రెండు లైన్లలో ఉన్నది ఇదే. సుక్రోజ్ భ్రమణం, అంటే ధ్రువిత కాంతిని తిప్పే కోణం, +66.5 డిగ్రీలు. విరిగాక గ్లూకోజ్ +52.5, ఫ్రక్టోజ్ −92.4, అందుకే మొత్తం మీద గుర్తు మైనస్‌కి తిరుగుతుంది. ఈ అంకెలు నాకు అంతకుముందే నోటికి వచ్చు. ఎందుకో మాత్రం తెలియదు.

ఆ రాత్రి ఎర్ర లిస్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. సుక్రోజ్‌లో రెండు చక్కెరల అనోమెరిక్ కార్బన్‌లూ (రింగు తెరుచుకుంటే ఆల్డిహైడ్‌గానో కీటోన్‌గానో బయటపడేవి) ఆ అతుకులోనే ఇరుక్కుపోయాయి. రింగు తెరుచుకునే దారి లేదు, కాబట్టి టోలెన్స్ ఇవ్వదు. మాల్టోజ్‌లో ఒక వైపు హెమీఎసిటాల్ (మళ్లీ తెరుచుకోగల రింగు కొస) ఖాళీగానే ఉంది, కాబట్టి ఇస్తుంది. ఫ్రక్టోజ్ కీటోనే, కానీ టోలెన్స్ కారకం క్షారం. ఆ క్షారంలో ఫ్రక్టోజ్ ఈనడయోల్ అనే మధ్య రూపం మీదుగా గ్లూకోజ్, మానోజ్‌లుగా మారుతుంది. ఎక్సెప్షన్ ఏమీ కాదు. గ్లూకోజ్ ఆల్డిహైడ్ అయినా షిఫ్ పరీక్ష (ఆల్డిహైడ్‌లకే ఇంకో పరీక్ష) ఇవ్వకపోవడం కూడా అంతే, ఆల్డిహైడ్ దాదాపు అంతా రింగులో దాక్కుని ఉంది. లిస్టులో సగం ఆ ఒక్క రాత్రే కొట్టేశాను.

తర్వాత గ్లూకోజ్‌ను పోలీసు కేసులాగా చదివాను. హెచ్‌ఐ (హైడ్రోజన్ అయోడైడ్)తో వేడి చేస్తే ఎన్-హెక్సేన్ వచ్చింది, అంటే ఆరు కార్బన్‌లు వరుసగా ఉన్నాయి. హైడ్రాక్సిలమీన్‌తో ఆక్సైమ్ ఇచ్చింది, అంటే కార్బొనిల్ (కార్బన్, ఆక్సిజన్ జంట బంధం) ఉంది. బ్రోమిన్ నీటితో గ్లూకోనిక్ ఆమ్లం అయింది, ఆ కార్బొనిల్ ఆల్డిహైడ్. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో పెంటాఎసిటేట్ వచ్చింది, ఐదు హైడ్రాక్సిల్‌లు. కానీ ఆ పెంటాఎసిటేట్ హైడ్రాక్సిలమీన్‌తో చర్య జరపదు. సాక్షి మాట మార్చినట్టు. అక్కడే రింగు బయటపడుతుంది. ఇలా చదివితే ఒక్క గ్లూకోజ్‌తోనే ఆల్కహాల్, ఆల్డిహైడ్, ఎసిటాల్ మూడూ రివిజన్ అయిపోతాయి. పెప్టైడ్ బంధం అమైడ్, నూనె ఎస్టర్, డీఎన్‌ఏ వెన్నెముక ఫాస్ఫోడైఎస్టర్, మిగతాది మీరే పట్టుకోండి. రసగుల్లాకు పాలు విరగ్గొట్టడం కూడా అలాంటిదే, పాలు విరగడం మన పుస్తకంలో డీనేచురేషన్‌కి, అంటే ప్రొటీన్ ఆకారం చెదిరిపోవడానికి, ఉన్న ఉదాహరణే.

ఇప్పుడు ఆ మూడు రోజుల సంగతి. ‘లాంగ్‌టర్మ్ పెట్టుకుని షాపులో లడ్డూలు చుడుతోంది’ అన్నారు. అటెండెన్స్ తక్కువని ఇంటికి ఫోన్ కూడా వచ్చింది. నేను ఖాళీగా కూర్చోలేదు. ఆ మూడు రోజులు తప్ప ఏడాదిలో ఒక్క పూట మానలేదు, మా పెద్దమ్మ కూతురి పెళ్లికి కూడా భోజనాల టైమ్‌కి వెళ్లి వచ్చేశాను. పొద్దున నాలుగున్నరకు లేవడం ఎవరికైనా అలవాటవుతుంది, లేవలేను అనేవాళ్లు రాత్రి ఎప్పుడు పడుకుంటున్నారో చూసుకోండి. ఫోన్ అమ్మకు ఇచ్చేశానని చెప్పను, ఇవ్వలేదు. కానీ రీల్స్ చూసిన రోజు నాకే సిగ్గేసేది. సరే, క్లాసు పీకుతున్నట్టుంది, ఆపేస్తాను.

ఎమీన్‌ల (నైట్రోజన్ ఉన్న క్షారాల) బలం క్రమం మాత్రం, బలమైనది ముందు పెట్టి, మీథైల్‌కి వేరుగా, ఇథైల్‌కి వేరుగా రాసి పెట్టుకోండి. నీటిలో మీథైల్‌కి సెకండరీ, ప్రైమరీ, టెర్షరీ. ఇథైల్‌కి సెకండరీ, టెర్షరీ, ప్రైమరీ. కారణం నాకు తెలుసు, అయినా పరీక్ష హాల్లో కారణం తవ్వుకునేంత టైమ్ ఉండదు.

నోట్స్ ఫొటోలు పెట్టమని అడుగుతున్నవాళ్లకు: ఉన్నది ఒకే ఒక్క రెండు వందల పేజీల బుక్కు. బయోమాలిక్యూల్స్ పేజీలకు పాకం అంటుకుని కొన్ని విడిపోవడం లేదు. విడిపోయినంతవరకు పెడతాను, కానీ ఈ వారం కాదు. కౌన్సెలింగ్‌కి స్టడీ సర్టిఫికెట్లు కావాలి, రేపు మా పాత స్కూలుకి వెళ్లి హెడ్‌మాస్టర్ సంతకం పెట్టించుకోవాలి.