సెకండ్ హ్యాండ్ బోటు, రెండు టైటిళ్లు, ఒక ట్రెయిలర్

గురువారం రాత్రి, లిటిల్ ఎల్మ్, టెక్సస్

ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టి బోటు కాగితాల పని చూసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి రెండు ఆఫీసులూ అయిపోయాయి. రేపెప్పుడైనా మనవాళ్లలో ఎవరైనా డీలర్ దగ్గర కాకుండా నేరుగా ఓనర్ దగ్గర బోటు కొంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాసి పెట్టుకుంటున్నాను.

డీలర్ దగ్గర కొంటే టాక్స్ వాళ్లే వసూలు చేసి, కాగితాలు కూడా వాళ్లే పంపిస్తారు. మనం సంతకాలు పెట్టి తాళాలు తీసుకుంటే సరి. ఓనర్ దగ్గర కొన్నప్పుడు మధ్యలో ఎవరూ ఉండరు. పేరు మార్పించుకోవడం, సేల్స్ టాక్స్ కట్టడం, రిజిస్ట్రేషన్ స్టిక్కర్ తెచ్చుకోవడం అన్నీ కొన్నవాడి నెత్తినే. టెక్సస్‌లో బోటు చేతికొచ్చిన రోజు నుంచి 45 పని దినాల్లోపు టాక్స్ కట్టాలి. ఆలస్యమైతే టాక్స్ మీద 5 శాతం జరిమానా, 30 రోజులకు మించి ఆలస్యమైతే 10 శాతం. అన్ని రోజులు ఉన్నాయి కదా అని వదిలేస్తే ఆ కాగితాల టెన్షన్ పోయేది కాదు. అందుకే పండగలు, డెడ్‌లైన్లు మీద పడకముందే తేల్చేద్దామని వెళ్లాను.

మాది 17 అడుగుల అల్యూమినియం బోటు. వెనక 60 హార్స్‌పవర్ మోటారు. ట్రెయిలర్‌తో కలిపి ఎనిమిది వేల డాలర్లకి బేరం కుదిరింది. చూడ్డానికి ఒకటే వస్తువు. టెక్సస్ లెక్కలో మాత్రం ఇవి మూడు. బోటుకి ఒక టైటిల్, అంటే ఓనర్ ఎవరో చెప్పే కాగితం, వెనక తగిలించిన మోటారుకి ఇంకో టైటిల్. ఈ రెండిటినీ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చూస్తుంది. ట్రెయిలర్ రోడ్డెక్కే బండి కాబట్టి దాని నంబర్ ప్లేటు, దాని టాక్సు కౌంటీ టాక్స్ ఆఫీసులో. అందుకని బిల్ ఆఫ్ సేల్ మీద, అంటే అమ్మినట్టు రాసిచ్చే కాగితం మీద, ఒకే అంకె వేయకుండా బోటు 4,200, మోటారు 3,000, ట్రెయిలర్ 800 అని విడివిడిగా రాయించాను. ఇలా రాయించుకోవడం వల్ల ఇవాళ రెండు కౌంటర్ల దగ్గరా ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

అమ్మినాయన రిటైరైన స్కూలు మాస్టారు. డెంటన్ దాటాక చిన్న ఊళ్లో ఉంటారు. మోకాళ్ల నొప్పులతో ఇక బోటు ఎక్కలేకపోతున్నానని అమ్మకానికి పెట్టారు. ఆయన దగ్గర ఒక లావుపాటి ఫైలుంది. మోటారు ఆయిల్ మార్చిన ప్రతిసారీ తీసుకున్న రసీదు అందులో ఉంది. బోటు చూడకముందే ఆ ఫైలు చూసి నా మనసు సగం ఒప్పుకుంది. నన్నడిగితే పాత బోటు కొనేవాడు ముందు చూడాల్సింది ఇంజనూ కాదు, సీట్లూ కాదు. బోటు మీద చెక్కిన నంబరు, టైటిల్ మీద అచ్చయిన నంబరు ఒకటేనా అన్నది. అది కలవకపోతే ఎంత చవగ్గా వచ్చినా మనది కాదు.

బోటుకి హిన్ (హల్ ఐడెంటిఫికేషన్ నంబర్) అని 12 అక్షరాల నంబరుంటుంది, కార్లకి విన్ నంబరున్నట్టు. మోటారు తగిలించే వెనక భాగంలో కుడివైపు పైమూలన చెక్కి ఉంటుంది. మాస్టారి బోటు మీద అక్కడ నాచు, ఎండిన బురద పేరుకుపోయి ఒక్క అక్షరం కూడా కనపడలేదు. తడిగుడ్డతో తుడిచి, ఫోన్ లైటు పక్కవాటంగా పట్టుకుంటే మెల్లగా తేలాయి. మొదటి మూడక్షరాలు తయారీ కంపెనీ గుర్తు. తర్వాతి అయిదూ సీరియల్ నంబరు. ఆ అయిదిట్లో ఒకటి అరిగిపోయి సున్నాలా ఉంది, ఇంగ్లీషు ఓ లానూ ఉంది. ఇక్కడే చదువుకున్నది అక్కరకొచ్చింది. ఆ సీరియల్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ వాడకూడదని రూలు. సరిగ్గా ఈ తికమక రాకూడదనే. కాబట్టి అది సున్నానే. టైటిల్ మీదా సున్నానే ఉంది. చివరి నాలుగూ హెచ్, 5, 0, 6. ఏ అంటే జనవరి, అలా లెక్కేసుకుంటూ వస్తే హెచ్ అంటే ఆగస్టు. 2005 ఆగస్టులో తయారైంది, మోడల్ 2006. మాస్టారు మాటల్లో 2006 మోడల్ అనే చెప్పారు. నేను పైకి చదువుతుంటే ఆయన పక్కన నిలబడి టైటిల్ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరానికి తలూపారు.

మోటారు నంబరు వేరే. అది బోటుకి బిగించే బ్రాకెట్ మీద రేకు ముక్క మీద ఉంటుంది. అది తేలిగ్గానే దొరికింది. టైటిళ్లు రెండిటి మీదా బాకీ ఉన్నట్టు ఏ బ్యాంకు పేరూ లేదు. బ్యాంకు పేరుంటే, అది తీరినట్టు కాగితం లేకుండా ముందుకెళ్లకూడదు.

మోటారు టైటిల్ మీద ఇద్దరి పేర్లున్నాయి, మాస్టారిదీ, వాళ్లావిడదీ. టైటిల్ మీద ఎంతమంది పేర్లుంటే అంతమందీ సంతకం పెట్టాలి. నేనా మాట అనగానే ఆయన లోపలికి కేకేశారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కాగితమంతా చదివి మరీ సంతకం పెట్టారు. "పిల్లలున్నారా?" అని అడిగారు. ఉన్నారని చెబితే గరాజ్‌లోకి వెళ్లి పిల్లల లైఫ్ జాకెట్లు రెండు తెచ్చిచ్చారు. వాటికి డబ్బు తీసుకోలేదు. టెక్సస్‌లో 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. ఆవిడ చట్టం సంగతేమీ ఎత్తలేదు. మనవలవి, చిన్నవైపోయాయి అని మాత్రం అన్నారు.

ధర సంగతికొస్తాను, ఇవాళ దారంతా దీని గురించే ఆలోచించాను. మా చెల్లెలి భర్త నిన్న రాత్రి ఫోన్ చేసి, "బావా, బిల్లు మీద మూడు వేలని రాయించు, మూడొందల డాలర్లు మిగులుతాయి, ఎవరడుగుతారు?" అన్నాడు. మంచివాడే, నా మేలు కోరే అన్నాడు. లెక్క కూడా నిజమే. ఎనిమిది వేల మీద ఆరుంపావు శాతం అంటే 500 డాలర్లు. మూడు వేల మీద 187న్నర. కానీ ఆ కాగితం మీద నా సంతకం ఒక్కటే ఉండదు. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి చేత, చదివిగానీ సంతకం పెట్టని ఆవిడ చేత, నా మూడొందల కోసం అబద్ధం మీద సంతకం పెట్టించాలి. ఆ మాట వాళ్ల ముందు నోరు తెరిచి ఎలా అడుగుతాను? అడగను.

ఇంకోటి కూడా ఉంది. మా నాన్న ఎప్పుడో కొన్న స్థలాన్ని అందరూ రాసినట్టే గవర్నమెంటు రేటుకి రాయించారు. ఇచ్చింది ఎక్కువ, దస్తావేజులో పడింది తక్కువ. చాలా ఏళ్ల తర్వాత రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అందులో కొంత పోయింది. పరిహారం లెక్కేసేటప్పుడు దస్తావేజుల్లో ఉన్న రేట్లే చూశారు. నిజంగా ఎంతిచ్చానో ఎవరికి చెప్పుకోను అని నాన్న చాలాకాలం బాధపడ్డారు. ఆ రోజుల్లో అలా రాయకపోతే అమ్మేవాడు ఒప్పుకునేవాడు కాదు, అది వేరే సంగతి. ఇక్కడ నాకు ఆ ఇబ్బంది లేదు. పైగా టెక్సస్‌లో జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. ఈ రాష్ట్రం నడిచేది ఎక్కువగా ఇలాంటి సేల్స్ టాక్స్ మీదే. నేనిక్కడ రోడ్లు వాడుకుంటున్నాను, మా పిల్లలు ఇక్కడి బడికి వెళ్తున్నారు. ఆ 500 డాలర్లు కట్టడం నాకు బరువుగా అనిపించలేదు, నిజంగానే. చెల్లెలి భర్తకి కూడా ఇదే చెప్పాను. "నీ ఇష్టం బావా" అన్నాడు, కోపమేమీ లేకుండా.

పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసులో నా ముందు ఇద్దరే ఉన్నారు. బోటుకి 143 నంబరు ఫారం, మోటారుకి 144 నంబరు ఫారం ఇంట్లోనే నింపి తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్నామె హిన్ నంబరు పైకి చదువుతూ కంప్యూటర్లో కొట్టుకుంది. ఆ అరిగిన అక్షరం దగ్గర ఆగి నా వైపు చూస్తే, ఫోన్లో తీసిన ఫోటో చూపించాను. తలూపి ముందుకెళ్లింది. అమ్మిన తేదీ, ధర, ఎవరి సంతకాలు ఎక్కడున్నాయి, అంతే ఆమె చూసింది. బోటు, మోటారు కలిపి 7,200 మీద టాక్స్ 450. టైటిళ్లు రెండు, ఒక్కోటి 27. పాత రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది కాబట్టి కొత్తది, 16 నుంచి 26 అడుగుల లోపు బోటుకి రెండేళ్లకి 53. మొత్తం 557 డాలర్లు. రిజిస్ట్రేషన్ కార్డు, స్టిక్కర్లు చేతికిచ్చింది. టైటిళ్లు పోస్టులో వస్తాయి.

కౌంటీ టాక్స్ ఆఫీసులో ట్రెయిలర్ పని గురించి రాయడానికి పెద్దగా లేదు. 800 మీద టాక్స్ 50, ప్లేటు ఫీజు వేరే. క్యూ మాత్రం పొడుగ్గా ఉంది.

క్యూలో ఉండగానే అమ్మ ఫోన్ చేసింది. రాజమండ్రిలో అప్పటికి రాత్రి. బోటు కొన్న సంగతి విన్నప్పటి నుంచి ఆమెకి నిద్ర సరిగ్గా లేదు. "ఏరా, పర్మిషన్ వచ్చిందా? నంబరిచ్చారా? జాకెట్లున్నాయా?" ఇవే ఆమె ప్రశ్నలు. ఎందుకో నాకు తెలుసు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు మా ఊరంతా రేవుల వైపే చూస్తూ కూర్చుంది. అందులో అసలు ఎంతమంది ఎక్కారన్న లెక్క కూడా రోజుకో రకంగా వచ్చింది. నెల దాటాక గానీ ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని బయటికి లాగలేకపోయింది. గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకి నీళ్లంటే ఇష్టమూ ఉంటుంది, ఆ లెక్క తెలియని రోజులూ గుర్తుంటాయి. అందుకే అమ్మకి కార్డు మీదున్న నంబరు అంకె అంకె చదివి వినిపించాను. ఈ బోటు ఎవరిది, ఎన్ని అడుగులు, ఇంజను ఎంత అన్నది రికార్డులో ఉంది అని చెప్పాను. నీళ్ల మీద గేమ్ వార్డెన్లు, అంటే బోట్లని తనిఖీ చేసే ఆఫీసర్లు, తిరుగుతారని, దూరం నుంచే నంబరు చదువుతారని చెప్పాను. "అయితే పర్లేదు" అంది. ఆమె నోటి వెంట ఆ మాట రావడానికి ఈ స్టిక్కర్ చాలా సాయం చేసింది.

సాయంత్రం అమ్మాయీ నేనూ కలిసి నంబర్లు అతికించాం. నంబరు బోటుతోనే ఉంటుంది, ఓనర్ మారినా మారదు. పాత అక్షరాలు ఎండకి పగిలి ఊడిపోతున్నాయి కాబట్టి కొత్తవి కొన్నాను. అక్షరాలు కనీసం మూడంగుళాల ఎత్తుండాలి, రంగు బోటు రంగులో కలిసిపోకూడదు, ముందు భాగంలో రెండు వైపులా ఎడమ నుంచి కుడికి చదివేలా ఉండాలి. టీఎక్స్ తర్వాత ఖాళీ, నాలుగంకెలు, మళ్లీ ఖాళీ, రెండక్షరాలు. అమ్మాయి మాస్కింగ్ టేపు గీతలా అతికించి స్కేలు పెట్టి చూసింది. సబ్బునీళ్లు చల్లి అతికిస్తే అక్షరం జరుపుకోవచ్చు, బుడగలు రావు. ఎడమవైపు బాగా కుదిరింది. కుడివైపు బోటు వంపు తిరిగే చోట చివరి అక్షరం కిందికి జారుతోందని, "నాన్నా, ఆగు, రెండు మిల్లీమీటర్లు పైకి" అంటూ నాచేత తీయించి మళ్లీ పెట్టించింది. నంబరు వెనక మూడంగుళాలు వదిలి స్టిక్కర్.

ఇంకా మిగిలినవి: సోమవారం ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి హిన్ నంబరు, మోటారు నంబరు ఇవ్వాలి. మా అక్క కొడుకు 2001లో పుట్టాడు. వాడు బోటు నడుపుతానంటే, 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఆన్‌లైన్ కోర్సు లింకు వాడికి ఇప్పుడే పంపాను. మాస్టారికి టాక్స్ రసీదు ఫోటో తీసి పంపాను. వాళ్ల పేరు నుంచి మారిపోయిందని వాళ్లకీ నిశ్చింతగా ఉంటుంది కదా. రిజిస్ట్రేషన్ కార్డు జిప్ కవర్లో పెట్టి, స్టీరింగ్ కింద అరలో ఉంచాను.