సముద్రపు గాలిలో పియానో

చెన్నై తిరువాన్మియూరులో మా ఇంటి నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. గత నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు నాలుగు రోజులు విడవకుండా కురిసినప్పుడు, మా అమ్మాయి వాయించుకునే పియానోలో నడుమ ఉన్న ఒక మెట్టు నొక్కితే దిగింది గానీ తిరిగి లేవలేదు. ట్యూనర్ గారు వచ్చి ఆ మెట్టును బయటికి తీసి, దాని అడుగున ఉన్న చిన్న తొర్రను మాకు చూపించారు. తొర్ర లోపలి గోడలకు ఎర్రటి ఫెల్టు గుడ్డ అంటించి ఉంది. తేమ పీల్చుకొని ఉబ్బిన ఆ గుడ్డ, లోపలికి దిగే లోహపు పిన్నును గట్టిగా పట్టేసింది. ఆయన పట్టకారు వంటి పనిముట్టుతో గుడ్డను రెండు వైపులా మెల్లగా అదిమి, మెట్టును యథాస్థానంలో పెట్టగానే అది హాయిగా లేచింది.

మెట్టు బాగుచేయడం తేలికే, శ్రుతితోనే చిక్కంతా. పియానోలో సుమారు 230 తీగలు ఉంటాయి. వాటన్నిటి బిగువు కలిపితే 18 టన్నుల దాకా తేలుతుంది. ఆ తీగల నాదాన్ని పెంచేది వాటి వెనుక ఉండే స్ప్రూస్ చెక్క పలక, అంటే సౌండ్‌బోర్డు. గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ పలక వెడల్పున సాగబోయి, అంచులు బిగించి ఉండడం వల్ల నడుమ ఉబ్బెత్తుగా లేచి, తన మీది బ్రిడ్జిని, అంటే తీగలు ఆనుకొని ఉండే చెక్క పట్టీని, తీగలకేసి తోస్తుంది. దానితో తీగలు మరింత బిగిసి శ్రుతి పెరుగుతుంది. మృదంగం మూత అదే తేమకు సడలి శ్రుతి దిగడమే ఎరిగిన మా ఇంట్లో, మొదట ఈ మాట ఎవరూ నమ్మలేదు. పైగా తీగలన్నీ ఒకే మేరకు పెరగవు. నడిమి స్థాయి ఎక్కువగా కదలడం వల్ల పియానో స్వరాలు ఒకదానితో ఒకటి కలవవు.

తేమ పోతుందని మేము రాత్రిపూట మాత్రం ఏసీ వేసేవాళ్లం. తేమ కొలిచే మీటరు కొని పియానో మీద పెట్టాక గాని మా పొరపాటు తెలియలేదు: పగలు 80 శాతం చూపిన ముల్లు రాత్రికి 50కి దిగి, తెల్లవారాక మళ్లీ పైకి పోతోంది. కాస్త ఎక్కువ తేమైనా నిలకడగా ఉంటే పియానో ఓర్చుకుంటుందేమో గాని, రోజూ ఉబ్బి ముడుచుకునే చెక్కకు జిగురు అతుకులు వదులవుతాయి, పలక పగలవచ్చు. అందుకే పియానోను వాన తడి తగిలే బయటి గోడ నుంచి లోపలి గోడ వైపు జరిపి, ఆ గదిలో ఏసీ మానేసి, తేమ లాగే యంత్రాన్ని రాత్రింబవళ్లు 60 శాతం దగ్గర నిలిపి నడుపుతున్నాము. ఉబ్బి ఉన్నప్పుడు చేసిన శ్రుతి పలక ఆరగానే దిగిపోతుంది కనుక, వానలు వెనుకపట్టి గది కుదుటపడ్డాక, జనవరి నెలాఖరులో రమ్మని ట్యూనర్ గారికి చెప్పాము.