గుంట అని రాస్తే గుంట అనే పడాలి

పోయినేడు మా బడి పత్రిక రెండో సంచిక ప్రింటై వచ్చిన రోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె పేపరు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మేడమ్, నేను గుంట అని రాశా కదా, చెరువు అని పడిందేంది?" అంది. వాళ్ల నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటారు. రాత్రిపూట కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోయి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని, జనరేటర్ అందుకునేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదని అర పేజీ రాసింది ఆ పిల్ల. కావలి నుంచి సముద్రం వైపు ఏ ఊరికి పోయినా వాటిని గుంటలనే అంటారు. చెరువంటే వేరే, అది పొలాలకి నీళ్లిచ్చేది. ఆ మాట ఎవరు మార్చారో మాకెవరికీ తెలీదు. టైపు చేసినవాళ్లు కావచ్చు, ప్రూఫు చూసినవాళ్లు కావచ్చు. కాగితం మూడు చేతులు మారాక ఎక్కడ మారిందో పట్టుకునే దారే లేదు.

ఈ ఏడాది పత్రిక సాఫ్ట్‌వేర్ మార్చాలని నేను పట్టుబట్టింది అందుకే. డబ్బు మిగులుతుందని కాదు, పేజీలు రంగురంగులుగా వస్తాయనీ కాదు.

పోయినేడు పని జరిగిన తీరు చాలా బడుల్లో జరిగేదే. పిల్లలు నోట్సు కాగితాల మీద రాసిస్తారు, మేము ఎర్రపెన్నుతో దిద్దుతాం, ఆ కట్ట డీటీపీ సెంటర్‌కి పోతుంది, అక్కడ మ్యాటర్ మొత్తం మళ్లీ కొడతారు, ప్రూఫు వస్తుంది, కరెక్షన్లు రాసిస్తే కొన్ని ఎక్కుతాయి, కొన్ని ఎక్కవు. సంచిక అయిపోయాక ఆ మ్యాటర్ మా కంప్యూటర్లో దాచుకుందామని ఫైల్ అడిగి తెచ్చుకున్నాం. తెరిస్తే తెలుగు ఒక్క అక్షరం లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఇందులో ఎవరి తప్పూ లేదు. పేజ్‌మేకర్ అనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టిన ఫైల్ అలాగే ఉంటుంది, ఎందుకంటే అందులో తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గళ్లలో పెట్టి ఉంటారు. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట గజిబిజి. తెలుగు డీటీపీ చాలా ఏళ్లు ఆ పద్ధతి మీదే నడిచింది, దాని మీద నాకు గౌరవమే. కానీ పిల్లలు ఫోన్లో కొట్టేది యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది, క్ష అని రాస్తే లోపల క, పొల్లు, ష అని మూడు నంబర్లుంటాయి, వాటిని కలిపి చూపించే పని ఫాంటుదీ సాఫ్ట్‌వేర్‌దీ. ఈ రెండు లోకాల మధ్య మార్చే కన్వర్టర్లున్నాయి గానీ, మార్చిన ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా చదువుకోవాల్సిందే.

అందుకని ఒకటే షరతు పెట్టుకున్నాం. పిల్లలు ఇంట్లో ఫోన్లో కొట్టిన మాట మళ్లీ ఎవరూ కొట్టకుండా పేజీ మీదికి రావాలి, మధ్యలో ఎవరైనా మారిస్తే ఆ మార్పు రాసిన పిల్లకి కనిపించాలి.

ముందు కాన్వా చూశాం, ఇంటర్నెట్‌లో పోస్టర్లూ పేజీలూ చేసుకునేది. బడి టీచర్లకీ పిల్లలకీ దాని ఎడ్యుకేషన్ ఖాతా ఉచితం, టీచరని రుజువు చూపిస్తే చాలు, ఒకే పేజీ మీద నలుగురు కూర్చుని పని చేయొచ్చు, ఫోన్లోనూ నడుస్తుంది. పిల్లలకి భలే నచ్చింది. స్వాతంత్ర్య దినోత్సవం పోస్టర్ ఒక్క మధ్యాహ్నంలో చేసేశారు. కానీ పోస్టర్ వేరు, పత్రిక వేరు. పత్రికలో ఒక కాలమ్‌లో పట్టని వార్త పక్క కాలమ్‌లోకి పారాలి, పైన రెండు లైన్లు తీసేస్తే కిందదంతా దానంతట అది జరగాలి. మేము చేసిన పేజీలో ఏ పెట్టెకి ఆ పెట్టే, ఒక దిద్దుబాటు చేస్తే నాలుగు చోట్ల కోసి అతికించాల్సి వచ్చింది. పోస్టర్లకి అదే ఉంచుకున్నాం.

పేజీలు పెట్టడానికి ఇన్‌డిజైన్ గొప్పది. దానికి జోడీగా వార్తలు రాసి దిద్దుకునే ఇన్‌కాపీ ఉంటుంది, ఒక వార్తని ఒకరు తీసుకుంటే వాళ్లు తిరిగి పెట్టేదాకా మిగతావాళ్లు చదవగలరే తప్ప మార్చలేరు, పెద్ద పత్రికల డెస్కులకి సరిగ్గా సరిపోయే ఏర్పాటు. తెలుగుకి అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోతాయి. కానీ చందా కట్టాలి, అది ఆగితే పని ఆగుతుంది. సర్కారు బడికి అంత భారం వద్దనుకున్నాం.

చివరికి పనిని రెండుగా విడగొట్టాం. రాయడం, దిద్దడం అందరం కలిసి గూగుల్ డాక్స్‌లో. పేజీ పెట్టడం ఒక్క ల్యాప్‌టాప్ మీద స్క్రైబస్‌లో. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కుదిరితే బాగుండునని నెల రోజులు వెతికాం గానీ, ఇప్పుడు ఆలోచిస్తే విడగొట్టడమే మేలనిపిస్తోంది. ఎనిమిది మంది కలిసి ఒక వార్త రాయొచ్చు. ఎనిమిది మంది కలిసి ఒక పేజీలో బొమ్మ జరుపుతుంటే మాత్రం ఆ పేజీ పూర్తి కాదు.

డాక్స్‌లో నాకు ప్రాణం సజెషన్ మోడ్. నేను ఒక మాట మారిస్తే పాత మాట కొట్టేసినట్టుగా అక్కడే ఉంటుంది, కొత్తది పక్కన రంగులో కనిపిస్తుంది, రాసిన పిల్ల ఒప్పుకుంటేనే ఎక్కుతుంది. టీచర్లకి ఇది కష్టంగా ఉంటుంది, చేయి ఊరుకోదు, నేరుగా దిద్దేయాలనిపిస్తుంది. అందుకే మా నియమం ఒకటుంది: టీచర్లకి ఎడిట్ హక్కు లేదు, కామెంట్ హక్కే, ఆ హక్కుతో సజెషన్ పెట్టొచ్చు గానీ నేరుగా మార్చలేరు. మొదట్లో ఒక పొరపాటు చేశాం. లింకు ఉన్నవాళ్లెవరైనా మార్చొచ్చు అని పెట్టేసరికి లాగిన్ లేనివాళ్లంతా ఏదో జంతువు పేరుతో కనిపించారు, ఎవరు ఏం మార్చారో మళ్లీ తెలీకుండా పోయింది. గుంట కథే మళ్లీ మొదలు. ఇప్పుడు పేరుపేరునా ఈమెయిల్‌తో షేర్ చేస్తాం. చాలామందికి ఇంట్లో ఉన్నది నాన్న ఫోనే, మార్పు పక్కన నాన్న పేరు పడుతుంది, ఫర్వాలేదు, ఎవరి పిల్లో మాకు తెలుసు. తల్లిదండ్రుల్ని పిలిచి ముందే ఒప్పించాం.

స్క్రైబస్ ఉచితం, చందా లేదు. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు వత్తులు కుదిరేవి కావు, చాలామంది అప్పుడే చూసి వదిలేశారు. 1.5.3 నుంచి మన లిపుల్ని కలిపి చూపించే ఏర్పాటు వచ్చింది, 2024 మొదట్లో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్. వద్దనుకున్నవాళ్లు ఇంకోసారి చూడండి. డాక్స్ నుంచి ఓడీటీ అనే రకం ఫైల్‌గా దించుకుని కాలమ్‌లోకి తెచ్చుకుంటాం. మ్యాటర్‌కి మండలి, హెడ్డింగులకి రామభద్ర, రెండూ ఉచిత ఫాంట్లే. పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదిగి ఇస్తాం కాబట్టి ప్రింటింగ్ షాపులో ఆ ఫాంట్లు లేకపోయినా ఇబ్బంది లేదు.

పేజీ పెట్టేటప్పుడు నేర్చుకున్నవి ఇంకొన్ని. ఏ3 కాగితం మడిస్తే నాలుగు ఏ4 పేజీలు, ఒకవైపు 4, 1, రెండోవైపు 2, 3, అంటే పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. తెలుగు మాటలు పొడుగు, మూడు కాలమ్‌లు పెట్టి రెండువైపులా సమానంగా లాగితే మధ్యలో ఖాళీలు నోరు తెరుస్తాయి. రెండు కాలమ్‌లు, ఎడమవైపుకే సర్దితే కళ్లకి హాయి. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి 11 పాయింట్ల అక్షరానికి లైను ఎడం 17 దాకా ఇచ్చాం. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమంటాం. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కాలమ్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున వెయ్యి పిక్సెళ్లు కావాలి మరి.

మూడో పేజీ బాధ్యత ఆ గుంటల పిల్లదే ఇప్పుడు. మొన్న శనివారం ఒక అబ్బాయి బిట్రగుంట లోకో షెడ్‌లో పనిచేసిన వాళ్ల తాత గురించి రాసింది పేజీలో పోస్తే తొమ్మిది లైన్లు మిగిలాయి. ఆవిరి ఇంజన్‌కి బొగ్గేసే తీరు తాత చెప్పినదంతా అందులో ఉంది. "మేడమ్, ఇది మటుకు కోయొద్దు, తాత మాట" అంది. తను ఆ అబ్బాయిని పిలిపించింది, ఇద్దరూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పైన ఉన్న నా ముందుమాటలో ఆరు లైన్లు తీసేసి ఫొటో కొంచెం తగ్గించారు. సరిపోయింది.