చికాగో తోపుల్లో

చికాగో పిక్నిక్ తోపులు చూడాలనుకుని నేను మొదట వెళ్ళింది శ్మశానానికి. ఫారెస్ట్ పార్క్ అనే శివారు ఊళ్ళో, డెస్ ప్లెయిన్స్ నది పక్కన ఉంది ఫారెస్ట్ హోమ్ శ్మశానం. ఫెర్డినాండ్ హాసె అనే ప్రష్యా వలసదారు 1851లో ఈ నేల కొన్నాడు. తరువాత కొన్నేళ్ళకే ఇది నగరంలోని జర్మన్ కుటుంబాలకు ఇష్టమైన విహారస్థలమైంది. ఆదివారం వస్తే రైళ్ళ నిండా జనం, బీరు, బ్యాండు మేళం. రద్దీతో పాటు గొడవలూ పెరగడంతో 1870లలో హాసె ఈ భూమిని శ్మశానాల కోసం మళ్ళించాడు. 1886లో చికాగోలోని హేమార్కెట్‌లో కార్మికుల సభలో బాంబు పేలిన కేసులో ఉరితీసిన కార్మిక నాయకుల సమాధి, 1893 నాటి స్మారకం ఇక్కడే ఉన్నాయి. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడినవాళ్ళు కార్మికులు సెలవునాడు సేదతీరిన నేలలోనే నిద్రపోతున్నారు. ఆ రాతి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఆ రోజుల్లో చాలా తోపులు ఇలా ఎవరో ఒకరి సొంత ఆస్తి. యజమాని మనసు మారితే నీడ పోయినట్టే. మంచి చోటు కావాలంటే రైలో, ఓడో ఎక్కి దూరం పోవాలి. ఆ ప్రయాణం ఎంత విషాదంగా ముగియవచ్చో క్లార్క్ స్ట్రీట్ వంతెన దగ్గర నది గట్టున తెలుస్తుంది. 1915 జులై 24 ఉదయం వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కార్మికులు ఇండియానాలోని మిషిగన్ సిటీకి పిక్నిక్ వెళ్ళడానికి కుటుంబాలతో ఈస్ట్‌లాండ్ అనే ఓడ ఎక్కారు. ఓడ రేవు వదలకముందే పక్కకు ఒరిగిపోయింది. ఒడ్డుకు అడుగుల దూరంలో 844 మంది చనిపోయారు. 22 కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు. కొత్త బట్టలు కట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని ఓడ ఎక్కిన తల్లులే నా కళ్ళముందు మెదిలారు.

ఊరికి దగ్గరలో, అందరికీ చెందిన అడవి ఉండాలన్న వాదన అప్పటికే నడుస్తోంది. వాస్తుశిల్పి డ్వైట్ పెర్కిన్స్ 1904 నివేదికలో అదే రాశాడు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఉద్యానశిల్పి జెన్స్ జెన్సెన్‌తో కలిసి 1908 నుంచి శనివారం మధ్యాహ్నాలు నగరవాసులను అడవుల్లో నడిపించాడు. చూసినవాళ్ళకే కాపాడాలనిపిస్తుందన్న వాళ్ళ నమ్మకం నాకు ఎంతో నచ్చింది. 1914లో చికాగో ఉన్న కుక్ కౌంటీ ఓటర్లు, అడవులు కొని అందరి కోసం కాపాడే ప్రభుత్వ సంస్థ అయిన అటవీ సంరక్షణ జిల్లాకు ఒప్పుకున్నారు. 1916లో డీర్ గ్రోవ్‌తో భూముల కొనుగోలు మొదలైంది. నేడు అది దాదాపు 70,000 ఎకరాలు, కౌంటీ నేలలో పదోవంతుకు పైనే.

ఆ అడవుల్లో ఒకటైన షిల్లర్ వుడ్స్‌లో చేతిపంపు దగ్గర కాసేపే ఆగాను. ఆ నీళ్ళలో మహిమ ఉందని నమ్మే జనం సీసాలతో, డబ్బాలతో వరుసలో ఉన్నారు.

ఆదివారం మా చెల్లెలి కుటుంబంతో బస్సీ వుడ్స్ అనే మరో అడవికి వెళ్ళాను. 1925లో యెల్లోస్టోన్ జాతీయ పార్కు నుంచి తెచ్చిన ఎల్క్ జింకల మందతో మొదలైన సంతతి అక్కడ కంచె లోపల మేస్తుంది. ప్రతి తోపుకూ ఒక నంబరు పలక ఉంటుంది. పెద్ద గుంపు అయితే ముందుగా అనుమతి తీసుకోవాలి. కార్తీకంలో ఇక్కడ చలి కొరికేస్తుంది కాబట్టి మనవాళ్ళు వేసవిలోనే కలుస్తారు. “ఉసిరి చెట్టు లేదు, ఓక్ చెట్టుతో సరిపెట్టుకో అన్నయ్యా!” అంటూ చెల్లెలు పులిహోర వడ్డించింది. పక్క తోపులో ఒక మెక్సికన్ కుటుంబం మాంసం కాలుస్తోంది. వాళ్ళ తాతగారు మాకు మొక్కజొన్న కంకులు పంపారు, మేము అరిసెలు పంపాం. టికెట్టు అడిగేవాళ్ళు లేరు, మీరెవరని అడిగేవాళ్ళూ లేరు.

ఒక్క విషయం మాత్రం మనసును కలతపెట్టింది. బల్లల చుట్టూ గడ్డిని నున్నగా కోసేస్తుంటారు కాబట్టి ముసలి ఓక్‌ల కింద మొలకలు బతకవు. వెనక అడవిలోనేమో బక్‌థార్న్ అనే పరాయి పొద అల్లుకుపోయి చిన్న మొక్కలకు ఎండ తగలనివ్వదు. ఆ పొదలను నరికేందుకు సెలవురోజుల్లో స్వచ్ఛందంగా వచ్చే నగరవాసులు ఉన్నారు. వచ్చే చలికాలం తన పిల్లలనూ ఆ పనికి తీసుకువెళ్ళమని చెల్లెలికి గట్టిగా చెప్పాను.