ఎవరిదో అనుకుని ఎవరూ ముట్టుకోని డబ్బా: మా యాప్ డిజైన్ కథ

మూడు నెలల నుంచి మేం ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి ఒక యాప్ డిజైన్ చేస్తున్నాం, రూమ్ తీసుకుని సొంతంగా వండుకుంటూ చదువుకునే కాలేజీ స్టూడెంట్స్ దగ్గర తిండి పారబోయడం తగ్గించడానికి. దీనికి మొదలు మా ఫ్రిజ్ కింది డ్రాయర్. పరీక్షలు అయిపోయిన రోజు సాయంత్రం దాన్ని బయటికి లాగితే కవర్లో కట్టిపెట్టిన ఆకుకూర నల్లగా అయిపోయి నీళ్లు కారుతూ కవరుకి అతుక్కుపోయి ఉంది, దాని వెనకాల సగం కోసిన టమాటా బూజు పట్టి, పక్కనే సీల్ కూడా తియ్యని పెరుగు డబ్బా. అవన్నీ నేనే కొన్నా, ఈ వారమైనా రోజూ వండుకుని తిందాం అనుకుని మరీ కొన్నా. చెత్తబుట్టలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

తర్వాత చదవడం మొదలుపెడితే ఇది నా ఒక్కదాని గోల కాదని అర్థమైంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన ఫుడ్ వేస్ట్ ఇండెక్స్ రిపోర్ట్ ప్రకారం 2022లో ప్రపంచం మొత్తంలో సుమారు 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది, తొక్కలు ఎముకలు లాంటివి కూడా కలిపే ఈ లెక్క. అందులో 60 శాతం ఇళ్లలోదే అంట, హోటళ్లు, షాపులు అన్నీ దాని తర్వాతే. మనిషికి ఏడాదికి 79 కిలోలు ఇంట్లోనే పోతోంది. అంటే ఎక్కువ భాగం మనలాంటి వాళ్ల ఇళ్ల నుంచే పోతోందన్నమాట, అందుకే షాపుల్లో మిగిలింది అమ్మే యాప్ చేద్దాం అన్న మొదటి ఐడియా పక్కన పెట్టేశాం. ఆ పని 2015 నుంచి టూ గుడ్ టు గో అనే యాప్ చాలా బాగా చేస్తోంది, మిగిలినవి ఇరుగుపొరుగుతో పంచుకోడానికి ఓలియో అనే యాప్ కూడా అదే ఏడాది వచ్చింది. ఒకే ఫ్రిజ్ వాడే నలుగురి మధ్య జరిగేదే మాకు కావాల్సింది.

మొదటి డిజైన్ అందరూ అనుకునేదే. కొన్నవన్నీ యాప్‌లో ఎక్కించు, గడువు దగ్గర పడితే అది గుర్తుచేస్తుంది. బార్‌కోడ్ స్కాన్ చేస్తే చాలు డేట్ అదే వచ్చేస్తుంది అనుకున్నాం, కానీ మామూలు ప్యాకెట్ల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్‌లో ఎక్స్‌పైరీ డేట్ ఉండదు! అది ఏ వస్తువో చెప్పే నంబర్ మాత్రమే, పోయిన నెల కొన్న పాల ప్యాకెట్‌కీ ఈరోజు కొన్నదానికీ అదే బార్‌కోడ్. డేట్ కూడా పట్టే కొత్త రకం చదరపు కోడ్‌లు ఉన్నాయి కానీ అన్నిటి మీదా ఇంకా రాలేదు. ఫోటో తీసి డేట్ చదివిద్దాం అంటే చుక్కలు చుక్కలుగా పడిన ప్రింటు, అదీ ప్యాకెట్ మడతలోనో మూత అంచు మీదో ఉంటుంది. ఇక విడిగా తెచ్చుకునే కూరగాయలకి అసలు ఏ కోడూ లేదు, మరి ముందు పాడయ్యేవి అవే కదా.

అయినా చేతితో టైప్ చేసేలా ఒక శాంపిల్ చేసి తెలిసినవాళ్లకి ఇచ్చాం. మొదటి వారం అందరూ ఎక్కించారు, రెండో వారానికి ఒక్కరూ లేరు. జూనియర్ అమ్మాయిని ఎందుకు ఆపేశావని అడిగితే "అక్కా, అవన్నీ మోసుకొచ్చి సర్దేసరికే ఓపిక అయిపోతుంది, మళ్లీ మీ యాప్‌కి లెక్క చెప్పాలా?" అంది. ఆ మాటతో నాకు మొత్తం తిరగబడింది. పారేయడానికి రెండు సెకన్లు పడుతుంటే, పారేయకుండా ఉండడానికి మేం రోజూ పది నిమిషాలు అడుగుతున్నాం.

అప్పుడు స్క్రీన్లు గీయడం ఆపేసి వాళ్లని ఒకటే అడిగాం, ఏదైనా పారేసేటప్పుడు ఒక ఫోటో తీసి ఎందుకు పారేస్తున్నారో ఒక్క ముక్క రాయండి అని. ఇది ముందే చేయాల్సింది, ఎవరైనా ఇలాంటి యాప్ మొదలుపెడుతుంటే దయచేసి ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. డేట్ మర్చిపోయి పారేసినవి మేం అనుకున్నంత లేవు. "వండుదాం అనుకున్నా, ల్యాబ్ లేటయింది, బయట తినేశా", "పాలు నేనూ తెచ్చా వాడూ తెచ్చాడు", "వెనక్కి వెళ్లిపోయింది, కనపడలేదు" ఇలాంటివే ఎక్కువ. ఒక ఫోటో మాత్రం నేను మర్చిపోలేను. అన్నం ఉన్న స్టీల్ డబ్బా, మూత తీస్తే పైన పసుపుపచ్చ బూజు, కింద ముగ్గురి మెసేజ్‌లు వరసగా "నీది అనుకున్నా", "నేను నీది అనుకున్నా", "నాది కాదు". ముగ్గురిలో ఇద్దరు ఆ రోజుల్లో రాత్రిళ్లు బయట నుంచి తెప్పించుకున్నారు, డబ్బా అక్కడే ఉంది.

ఇప్పటి డిజైన్ మొత్తం ఆ డబ్బా చుట్టూనే తిరుగుతుంది. ఎక్కించే పనే లేదు, మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెడుతూ ఒక ఫోటో తీస్తే రూమ్‌లో అందరికీ కనిపిస్తుంది, కింద ఒకటే బటన్, "ఎవరైనా తినొచ్చు". హోమ్ స్క్రీన్ మీద మూడే వస్తువులు, ఈరోజు ముందు తినాల్సినవి. నాలుగోది పెట్టనివ్వలేదు నేను, దానికోసం మా ముగ్గురికి పెద్ద గొడవే అయింది. నోటిఫికేషన్ రోజుకి ఒకటే, అది కూడా వాళ్లు రోజూ వంట గురించి ఆలోచించే టైమ్‌కి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపాలంటే ముందు పర్మిషన్ అడగాలి, యాప్ తెరవగానే అడిగితే మా శాంపిల్‌లో చాలామంది వద్దనేశారు, అందుకని మొదటి ఫోటో పెట్టాకే అడుగుతున్నాం, అప్పటికి ఎందుకో వాళ్లకి తెలుసు.

యాప్‌లో ఏం రాయాలన్న మాటల దగ్గర చాలా టైమ్ పట్టింది. ప్యాకెట్ మీద "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ తర్వాత రుచి, తాజాదనం తగ్గొచ్చు అని, "యూజ్ బై" అంటే ఆ తేదీ దాటాక తినొద్దు అని, రెండూ ఒకటే అనుకుని మంచి బిస్కెట్లు పారేసేవాళ్లు ఉన్నారు. అందుకని ఒకదానికి "చూసి, వాసన చూసి తేల్చుకో" అని, రెండోదానికి "వద్దు" అని సూటిగా రాశాం. వండినదానికి మాత్రం వాసన చూడమని చెప్పట్లేదు, ఎందుకంటే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉన్నా వాసన మారకపోవచ్చు, అన్నం అయితే మరీ జాగ్రత్త. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు, మూడు నాలుగు రోజుల్లో తినేయ్, అంతే. తిండి వృథా కాకుండా చూడాలని ఎవరి కడుపూ పాడు చేయలేం.

పాయింట్లు, ర్యాంకులు, "నువ్వు ఈ నెల ఇంత పారేశావ్" లాంటివి అన్నీ తీసేశాం. అవి పెట్టిన వారం జనం పారేయడం మానలేదు, పారేసింది చెప్పడం మానేశారు.

ఇంకా తేలనిది సెలవులు. రూమ్ తాళం వేసి ఊరెళ్లే ముందు రోజు రాత్రి ఫ్రిజ్ ఖాళీ చేస్తారు, అప్పుడు పోయేది మిగతా నెలంతా పోయేదానికన్నా ఎక్కువ. ఆ టైమ్‌లో గుర్తుచేసి లాభం లేదు, బస్సుకి టైమ్ అయిపోతుంటుంది. ఊరెళ్లే తేదీ అడిగి అయిదు రోజుల ముందు నుంచే "ఇక కొనొద్దు, ఉన్నవి తినేయండి, బ్రెడ్ ఫ్రీజర్‌లోకి మార్చండి" అని చెప్పే స్క్రీన్ ఒకటి నిన్న రాత్రి గీశా. రేపు పక్క రూమ్ వాళ్లకి చూపిస్తున్నా, వాళ్లు శనివారం బయల్దేరుతున్నారు.