ముసురు పట్టిన వారం, లేక్ గట్టున కాటేజీ

కెనడాలో, టొరంటో పక్కన మిస్సిసాగాలో పదో అంతస్తులో పెరిగే పిల్లకు చూరు అంటే ఏది చూపిస్తాం? వసారా, గట్టు, రేవు, తెప్ప, తెడ్డు, చితుకులు, నెగడు. ఈ మాటలన్నీ మనకు ఊరితోపాటే వచ్చాయి. అపార్ట్‌మెంట్‌లో వాటికి తగ్గ వస్తువు ఉండదు కాబట్టి పిల్లల ముందు ఆ మాట అనాల్సిన సందర్భమే రాదు. ఒంటారియోలో ఉత్తరానికి, మస్కోకాకో కవార్తా లేక్స్‌కో వెళ్ళి ఒక పాత కాటేజీ అద్దెకు తీసుకుంటే ఇవన్నీ ఒక్కచోటే కళ్ళెదుట ఉంటాయి. దోమతెర కొట్టిన ముందుగది అచ్చంగా మన వసారా. డాక్ అంటే రేవు. నీళ్ళ మధ్య లంగరేసి ఉంచిన ఈతచెక్క తెప్ప. రాళ్ళ మధ్య రాజేసేది నెగడు. వాన పడితే ఇంకా మంచిది: చూరునీళ్ళు ధారగా పడటం చాలామంది పిల్లలు అక్కడే మొదటిసారి చూస్తారు.

సెలవు పెట్టకుండా అక్కడి నుంచే పనిచేసుకుందామని వెళ్ళేవాళ్ళకు మాత్రం ఇదంతా అందాలంటే ముందు కరెంటు, నెట్ కుదరాలి. మీటింగు మధ్యలో లైన్ తెగిందంటే పిల్లలతో మాట్లాడే ఓపిక దాంతోపాటే పోతుంది, మధ్యాహ్నానికల్లా ట్యాబ్లెట్ బయటికొస్తుంది.

పాత కాటేజీల్లో మామూలు సర్క్యూట్ 15 ఆంపియర్లది. 120 వోల్టుల దగ్గర అది 1800 వాట్లు మోస్తుంది. ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే 1500 వాట్లు, ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) 1000 వాట్లు. రెండూ ఒకే లైన్ మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది. రౌటర్ కూడా అదే లైన్ మీద ఉంటే పప్పు ఉడకడం, మీటింగు రెండూ ఒకేసారి ఆగిపోతాయి. అందుకని చేరిన సాయంత్రమే బ్రేకర్ల ప్యానెల్ తెరిచి లెక్క తేల్చుకోండి. పెద్దవాళ్ళు ఒక్కొక్క బ్రేకర్ దించుతుంటే పిల్లలు గదికొకరు నిలబడి ‘పోయింది’, ‘వచ్చింది’, ‘ఇక్కడ వెలుగుతోంది, వంటింట్లో ఆరిపోయింది’ అని కేకేయాలి. పావుగంటలో ఏ ప్లగ్గు ఏ లైనుదో కాగితం మీదికి వస్తుంది, పిల్లలు వెలగడం, ఆరిపోవడం అనే క్రియలు పాతికసార్లు వాడేసి ఉంటారు. బ్రేకర్లకు బదులు పాతకాలపు ఫ్యూజులుంటే ప్యానెల్ జోలికి వెళ్ళొద్దు, ఓనర్‌నే అడగండి.

నెట్ సంగతి బుక్ చేయకముందే తేల్చుకోవాలి. ‘వైఫై ఉంది’ అన్న మాటకు విలువ లేదు. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమని అడగండి, అందులో అప్‌లోడ్ అంకె చూడండి. ఇద్దరు మాట్లాడుకునే హెచ్‌డీ వీడియో కాల్‌కు ఒకటిన్నర ఎంబీపీఎస్ సరిపోతుంది కానీ, భార్యాభర్తలిద్దరూ గ్రూప్ కాల్స్‌లో ఉంటే పైకి వెళ్ళే దారి కనీసం ఐదారు ఎంబీపీఎస్ ఉండాలి. స్టార్‌లింక్ (ఉపగ్రహం నుంచి వచ్చే నెట్) ఉన్నచోట జడివాన దంచినప్పుడు కొన్ని నిమిషాలు తెగడం మామూలే, డిష్ మీదికి చెట్లు వాలి ఉంటే ఇంకా ఎక్కువ. ఫోన్ హాట్‌స్పాట్ సిగ్నల్ ఇంట్లో ఎక్కడ బాగా అందుతుందో మొదటి రోజే తిరిగి చూసుకోండి. రౌటర్‌కు ఒక చిన్న యూపీఎస్ వెంట తీసుకెళ్ళడం ఖర్చుకు తగ్గ పని.

అక్కడ కరెంటును హైడ్రో అంటారు. గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడితే హైడ్రో పోతుంది, దాంతోపాటు నీళ్ళూ పోతాయి, ఎందుకంటే బావి నుంచో లేక్ నుంచో నీళ్ళు లాగేది కరెంటు పంపే. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే రెండు మూడు బకెట్లు నింపి బాత్రూంలో పెట్టడం పిల్లల బాధ్యతగా అప్పగించండి. టాయిలెట్‌లో ఒకసారి పోయడానికి ఒక బకెట్ కావాలి. లేక్ నీళ్ళు యూవీ దీపంతో శుద్ధి చేసే ఇళ్ళలో ఇంకో చిక్కుంది: కరెంటు లేకపోతే దీపం పనిచేయదు, వాన తర్వాత నీళ్ళు మురికిగా ఉంటే దీపం వెలుగుతున్నా కాంతి లోపలిదాకా చేరదు. అలాంటప్పుడు తాగే నీళ్ళు తెర్లు కాగాక నిండా ఒక నిమిషం మరిగించాలి. నీళ్ళమీద ఆకుపచ్చ తెట్టు కనపడితే మాత్రం కాచినా లాభం లేదు. బ్లూ గ్రీన్ ఆల్గే విషం మరిగిస్తే పోదు, సీసా నీళ్ళే దిక్కు.

ఇక రోజును ఎలా పంచుకోవాలి. వేసవిలో టొరంటోకూ ఇండియాకూ తొమ్మిదిన్నర గంటల తేడా. హైదరాబాద్ టీమ్‌తో పనిచేసేవాళ్ళ కాల్స్ అన్నీ పొద్దున ఏడున్నర నుంచి పది లోపు కుక్కుకుంటాయి. ఆ కాల్స్ ఉన్నవాళ్ళు ఏడు నుంచి పదకొండు వరకు తలుపేసుకుని, రెండోవాళ్ళు పన్నెండు నుంచి నాలుగు వరకు తలుపేసుకుంటే మధ్యలో అందరూ కలిసి వండుకుని తినడానికి గంట మిగులుతుంది. మిగతా పని రాత్రి పిల్లలు పడుకున్నాక. ఇద్దరూ ఒకేసారి పనిలో కూర్చుని పిల్లలు వాళ్ళే ఆడుకుంటారనుకోవడం మాత్రం పొరపాటు. నీళ్ళు పది అడుగుల దూరంలో ఉన్న ఇంట్లో అది ప్రమాదం కూడా.

పొద్దున ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు. అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసే వేళ. ‘బాగున్నావా, తిన్నావా’ దగ్గర ఆగిపోయే ఆ సంభాషణకు వాన పుస్తకం, అంటే రోజూ పడిన వానను కొలిచి రాసుకునే పుస్తకం, ప్రాణం పోస్తుంది. చేయాల్సింది ఇదీ. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న గాజుజాడీ ఒకటి, స్కేలు ఒకటి. మెడ సన్నబడే సీసా పనికిరాదు, కొలత తప్పుతుంది. చూరుకూ చెట్లకూ దూరంగా, వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో, పడిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చి పెట్టాలి. రోజూ పొద్దున ఎనిమిదింటికి కొలిచి పారబోయాలి. పుస్తకంలో మూడు గడులు: తేదీ, మిల్లీమీటర్లు, వాన పేరు.

ఆ మూడో గడి దగ్గరే అసలు తెలుగు ఉంది. మొహానికి తడి తగిలీ తగలనట్టుంటే తుంపర. లెక్కపెట్టగలిగేలా పడితే చినుకులు. వచ్చి వెళ్ళిపోయేది జల్లు. ఎడతెగకుండా పడేది జడివాన. ఆకాశం మూసుకుపోయి రోజుల తరబడి సన్నగా పడుతూనే ఉంటే ముసురు. కుండతో పోసినట్టయితే కుండపోత. కాసేపు ఆగితే తెరిపిచ్చింది, పూర్తిగా ఆగితే వెలిసింది. ‘అమ్మమ్మా, ఇది ముసురా, జల్లా?’ అని ఫోన్‌ను కిటికీ వైపు తిప్పి అడిగితే, అవతల ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి తీర్పు చెబుతుంది. వెనకే ‘అక్కడ మెరుపులు కూడా ఉన్నాయా, రేవు దగ్గరికి పోకండి నాన్నా’ అంటుంది. పిల్లలకు అడగడానికి నిజమైన ప్రశ్న, ఆవిడకు చెప్పడానికి నిజమైన జవాబు దొరుకుతాయి. కార్తెలూ ఆవిడనే అడగమనండి. జులై 20 ప్రాంతంలో పుష్యమి, ఆగస్టు 3 ప్రాంతంలో ఆశ్లేష మొదలవుతాయి, ఒక్కోటి సుమారు పద్నాలుగు రోజులు. పెద్దపిల్లలకు లెక్క ఇవ్వొచ్చు: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్ళు. కప్పు 80 చదరపు మీటర్లుండి రాత్రి 12 మిల్లీమీటర్లు కురిస్తే చూరు నుంచి 960 లీటర్లు జారాయన్నమాట.

పనులు చెప్పేటప్పుడు తెలుగు వాక్యం బలం చూడండి. ‘తువ్వాలు పిండి, విదిలించి, దండెం మీద ఆరెయ్యి.’ ఒకే మాటలో మూడు పనులు, వరసగా. పాఠంలా నేర్పితే పదేళ్ళైనా పట్టుబడని ఈ అల్లిక, రోజుకు నాలుగుసార్లు తడి బట్టలు ఆరేస్తే వారంలో చెవికి అలవాటవుతుంది. తెడ్డు గోడకు ఆనించు, చాప దులుపు, చెప్పులు గడప బయట విడువు. పిల్లాడు ఇంగ్లీషులో జవాబిస్తే ‘తెలుగులో చెప్పు’ అని ఆపొద్దు. వాడన్నదాన్నే తెలుగులో తిరిగి అని, ముందుకు సాగండి. ‘ఇట్స్ స్టిల్ వెట్’ అంటే ‘ఇంకా తడిగానే ఉందా? అయితే పొయ్యి వైపు జరుపు’ అంతే. అన్నాచెల్లెళ్ళు తమలో తాము ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. దాంతో గొడవ పెట్టుకోవడం వల్ల ఏ ఇంట్లోనూ తెలుగు పెరగలేదని నా గట్టి అభిప్రాయం. పొయ్యి అన్నాను కాబట్టి: కట్టెల స్టవ్‌కు ఒక మీటరు లోపల బట్టలు ఆరేయకూడదు. కట్టెలు ఊరి నుంచి మోసుకెళ్ళకూడదు, వాటితోపాటు చెట్లను చంపే పురుగులు అడవికి చేరతాయి. అక్కడే కొనండి. తడిసిన దుంగనైనా పెద్దవాళ్ళు చీలిస్తే లోపల పొడిగా ఉంటుంది, రాలిపడిన బర్చ్ బెరడు తడిలోనూ అంటుకుంటుంది. బయట నెగడు వేసేముందు టౌన్‌షిప్ నిబంధనలు చూసుకోండి, కొన్నిచోట్ల పగటిపూట మంట నిషేధం.

వంట దగ్గర జాగ్రత్త రెండింటికి. సెప్టిక్ ట్యాంకు మీద ఇల్లు నడుస్తుంది, వారం వానకు నేల నానిపోయి ఉంటే అది నీళ్ళు ఇంకించుకోలేదు. బట్టలన్నీ ఒకే రోజు ఉతక్కండి. నూనె, బియ్యం గంజి, తడి వైప్స్ కాలువలోకి పోనివ్వకండి. మూకుడు ముందు కాగితంతో తుడిచి, ఆ తర్వాతే కడగాలి. రెండోది తాలింపు వాసన. పైన్ చెక్క గోడలకు అది పట్టుకుంటే వదలదు. వేపుళ్ళు బయట గ్యాస్ బార్బెక్యూ పక్క బర్నర్ మీద కానివ్వండి. వాన పడుతోందని దాన్ని వసారాలోకి మాత్రం లాగొద్దు, కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు.

ఆటలకు సామాను అక్కడే ఉంటుంది. డజను గుడ్ల అట్టపెట్టెలో పన్నెండు గుంటలు, రెండు చిన్న కప్పులు కలిపితే పద్నాలుగు. గుంటకు ఐదు చొప్పున డెబ్బై గులకరాళ్ళు ఏరుకొస్తే వామనగుంటలు సిద్ధం. అష్టాచమ్మాకు గవ్వలు లేకపోతే చింతపిక్కలు రెండు నిలువుగా చీలిస్తే నాలుగు బద్దలు: ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. అయిదుకు అయిదు గడులు గీసి, అవతలివాళ్ళ కాయ ఒక్కటైనా చంపితేగానీ లోపలి వరసలోకి వెళ్ళకూడదన్న నియమం మొదటే చెప్పండి. ఆట మధ్యలో చెబితే ఏడుపులే. పక్క కాటేజీ పిల్లలు కూడా ఇట్టే నేర్చుకుంటారు, పది నిమిషాల్లో వాళ్ళూ ‘చమ్మా’ అని అరుస్తారు. అది విన్న మన పిల్లల మొహం చూడండి. తన ఇంటి మాట ఇంకొకరి నోట గౌరవంగా వినపడటం వాళ్ళకు అరుదు.

ఇరుగుపొరుగు బటర్ టార్ట్స్ (అక్కడి తీపి పిండివంట) పళ్ళెం తెచ్చిస్తే ఉత్త పళ్ళెం తిరిగివ్వకూడదన్నది పిల్లల చేతే పాటింపజేయండి. ఇచ్చేముందు పల్లీల అలర్జీ ఉందేమో అడగడమూ పిల్లలే చేయాలి. వాళ్ళ ముందు మన పిల్లలతో తెలుగు మాట్లాడటానికి మొహమాటపడొద్దు, ఏమన్నామో ఒక్క ముక్కలో వాళ్ళకు చెబితే చాలు. పడవలు ఎదురైతే చెయ్యూపడం అక్కడి మర్యాద, తీరానికి 30 మీటర్ల లోపల గంటకు 10 కిలోమీటర్లు దాటకపోవడం అక్కడి చట్టం. రెండూ ఒకే శ్వాసలో నేర్పండి.

తెరిపిచ్చాక బయటికి వెళ్ళడానికి కొలతలు ఇవీ. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. భారీ వాన తర్వాత ఒకటి రెండు రోజులు ఈత వద్దు, నడుంలోతులో నిలబడితే సొంత పాదాలు కనపడకపోతే అప్పుడూ వద్దు. తడి డాక్ చెక్కలు నాచుపట్టి జారుతాయి, ఈత రాని పిల్లలకు అక్కడ అడుగుపెట్టకముందే లైఫ్ జాకెట్ ఉండాలి. గాలి నింపే చేతిపట్టీలు దానికి సాటి రావు. రెండు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు పూసే దోమల మందులో డీట్ అనే రసాయనం 10 శాతం మించకూడదు, రోజుకు మూడుసార్లు మించకూడదు. రాత్రి స్నానం దగ్గర చెవి వెనక, చంకల్లో, మోకాలి మడతల్లో పిడుదుల కోసం వెతకండి. చిన్నవి గసగసాల గింజంతే ఉంటాయి. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా పైకి లాగాలి. 24 గంటల్లోపు తీసేస్తే పిడుదుల వల్ల వచ్చే లైమ్ జబ్బు ముప్పు బాగా తగ్గుతుంది.

తిరిగొచ్చే పొద్దున చెత్త డంప్ ఏ వేళల్లో తెరుస్తారో ముందురోజే కనుక్కోండి, ఎలుగుబంట్ల వల్ల సంచులు బయట వదిలేయడానికి లేదు. ఆఖరి కొలత రాసి, పుస్తకంతోపాటు జాడీ కూడా కారులో పెట్టుకోండి. బాల్కనీలో అది పనిచేయదు, పైన కప్పు అడ్డం. బడి మైదానంలోనో, ఎవరి పెరట్లోనో కంచెకు దూరంగా పెడితే అక్కడా కొలుస్తుంది.