ఉగ్గుగిన్నెడు సోంపు నీళ్లు: స్లీవ్ సర్జరీ తరువాత నా అనుభవం

హైదరాబాదులో 26 ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న నాకు చాయ్ అంటే ఇరానీ చాయే. ఇంట్లో ఒకటి, మలక్‌పేటలో బస్సు ఎక్కే ముందు ఒకటి, ఆఫీసులో మిత్రులతో రెండు, సాయంత్రం ఉస్మానియా బిస్కెట్లతో మరో రెండు కలిపి రోజుకు ఆరు కప్పులకు తగ్గేది కాదు. సోంపు నీళ్లు, అల్లం నీళ్లు వంటివి జ్వరం వచ్చినవాళ్లు తాగేవన్నదే నా అభిప్రాయం. అటువంటి నేను గత కార్తీక మాసం నుంచి వంటింట్లో నిలబడి వాటిని గంటల లెక్కన, మిల్లీలీటర్ల లెక్కన కాచుకోవలసి వచ్చింది.

ఆపరేషన్ నాటికి నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 124 కిలోలు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, రాత్రి పడుకునేటప్పుడు ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ ముక్కుకు ఉండవలసిందే. బరువు తగ్గడం కోసం నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసివేసి, మిగిలినదానిని అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంగా ఉంచుతారు. ఇక జీవితంలో కడుపునిండా తినలేనేమోనన్న భయంతో ఆపరేషన్ బల్ల ఎక్కాను కానీ, తీరా ఇంటికి వచ్చాక నన్ను ఏడిపించింది అన్నం కాదు, మంచినీళ్లు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డైటీషియన్ చేతికిచ్చిన కాగితంలో మొదటి వారం వడగట్టిన తేట ద్రవాలు మాత్రమే తీసుకోవాలని, 15 నిమిషాలకు 30 మిల్లీలీటర్ల చొప్పున చప్పరించాలే తప్ప గుటకలు వేయకూడదని, గాలి లోపలికి పోతుంది కనుక స్ట్రా వాడకూడదని, పాలు, పంచదార, కెఫీన్, సోడా నీళ్లు ముట్టుకోకూడదని రాసి ఉంది. గంటకు 120 మిల్లీలీటర్ల చొప్పున మెలకువగా ఉన్న 12 గంటలకు 1440 అవుతుంది. రోజుకు లీటరున్నర చేరాలంటే ఒక్క విడత కూడా తప్పకూడదన్నమాట. ఇంత చిన్న లెక్క పాటించడం ఏమంత కష్టమని మొదట అనుకున్నాను. రెండవ రోజుకల్లా మామూలు నీళ్లు రాయి మింగినట్లు రొమ్ములో బరువుగా ఆగడం, నోట్లో ఇనుప రుచి తేలడం మొదలైంది, సాయంత్రానికి లెక్క 600 కూడా దాటలేదు. ఫోన్‌లో ఈ సంగతి చెబితే డైటీషియన్, గోరువెచ్చగా, తీపి లేకుండా, నలక కూడా లేకుండా వడగట్టిన సోంపు నీళ్లో అల్లం నీళ్లో ప్రయత్నించమన్నారు. అది మందు కాదని, నీళ్లు లోపలికి వెళ్లడానికి ఒక దారి మాత్రమేనని కూడా అప్పుడే చెప్పారు. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఖమ్మం నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చిన మా అమ్మ ఈ 30 మిల్లీలీటర్ల గోల రెండు రోజులు చూసి, మూడవ రోజు తన సంచిలోంచి గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె తీసింది. ఒకవైపు పిట్టముక్కులా సన్నని మూతి, అంచున చిన్న సొట్ట, అడుగున ఎవరివో చెరిగిపోయిన పొడి అక్షరాలు. మందు సీసా మూతతో కొలిచి చూస్తే అందులో సరిగ్గా 20 మిల్లీలీటర్లు పడుతున్నాయి, అంటే ఒక విడతకు గిన్నెన్నర. "ఇదే గిన్నెతోని నీకు ఆముదం తాగించిన బిడ్డా, అప్పుడు గూడ ఇట్లనే మొఖం పెట్టినవు" అంది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కప్పుతో ఎంత జాగ్రత్తపడినా నోటినిండా వచ్చేది. ఈ గిన్నె మూతి నుంచి మాత్రం ఎంత ఒంచినా సన్నని ధారే పడుతుంది. పసిపిల్లలకు పొలమారకుండా పట్టడానికి చేసిన వస్తువు కనుక 51 ఏళ్ల నాకూ సరిగ్గా సరిపోయింది.

మొదటిసారి కాచినది మాత్రం పారబోయాల్సి వచ్చింది. ఘాటుగా ఉంటే త్వరగా గుణమిస్తుందన్న మన పాత అలవాటు కొద్దీ గుప్పెడు సోంపు, బొటనవేలంత అల్లం దంచి వేసి, నీళ్లు సగానికి ఇగిరేదాకా మరిగించాను. రెండు చుక్కలకే గొంతు దగ్గర్నుంచి పొట్టదాకా గీత గీసినట్లు మంట. లోపల పొడుగునా స్టేపుల్స్ (లోహపు కుట్లు) వేసి ఉన్న పచ్చి గాయమది అన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. మరుసటి రోజు నుంచి అర లీటరు నీటికి ఒక చెంచా సోంపు, రూపాయి బిళ్లంత పలుచని అల్లం ముక్క ఒక్కటితో సరిపెట్టుకున్నాను. నీళ్లు తెర్లగానే మంట తగ్గించి, సోంపును దంచకుండానే వేసి, ఐదు నిమిషాల తరువాత దించి, మూత పెట్టి మరో పది నిమిషాలు వదిలేసేవాడిని. మూత తీసేసరికి నీళ్లకు లేత ఎండుగడ్డి రంగు వస్తే సరిగ్గా కుదిరినట్లు, అంతకంటే ముదిరితే మరికొన్ని నీళ్లు కలపవలసిందే. చాయ్ జాలిలోంచి సోంపు నూగు జారిపోతుంది కాబట్టి ఉతికిన పాత పంచె ముక్కను నాలుగు మడతలు వేసి అందులోంచి రెండుసార్లు వడకట్టేవాడిని. తరువాత ఫ్లాస్కులో పోసి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుని, చురుక్కుమనకపోతేనే గిన్నెలోకి ఒంపేవాడిని. ఆ సాయంత్రానికి లెక్క 900 దాటింది, వారం తిరిగేసరికి 1300 చేరాను.

ఈలోగా నాలుగు రోజులపాటు కుడి భుజం మీద పొడిచినట్లు నొప్పి వేధించింది. అది గ్యాస్ నొప్పి అని వినగానే ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఓమ నీళ్లు తాగమన్నారు, అమ్మ అయితే కాచి కూడా తెచ్చింది. అయితే ఆ గ్యాస్ పేగుల్లోది కాదు. లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషన్, చేసేటప్పుడు లోపల చోటు కోసం పొట్ట కుహరంలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, అందులో మిగిలిపోయినది ఛాతీకీ పొట్టకీ మధ్య కండర పొర అయిన ఉదరవితానాన్ని రేపడంవల్ల ఆ నరం దారిలో భుజానికి నొప్పి పుడుతుంది. అది శరీరంలో తనంతట తాను ఇంకిపోవలసిందే. ఏ కషాయమూ అక్కడికి చేరదు, వరండాలో అటూ ఇటూ నడవడమే కొంత ఉపశమనం ఇచ్చింది. ఓమ నీళ్లు మొదటి నెలలో నాకు ఘాటెక్కాయి కనుక పక్కన పెట్టేశాను. ఇటువంటి నొప్పులను తేలికగా తీసుకోమనడం నా ఉద్దేశం కాదు. జ్వరం వచ్చినా, నాడి నిమిషానికి 120 దాటినా, పొట్టనొప్పి అంతకంతకూ పెరిగినా స్టేపుల్ వేసినచోట లీకు అయి ఉండవచ్చని, వేళతో నిమిత్తం లేకుండా వెంటనే రమ్మని సర్జన్ ముందే చెప్పి ఉన్నారు. మా ఆవిడ ఆ మూడు మాటలనూ ఫ్రిజ్ తలుపు మీద అంటించింది.

సోంపు మొహం మొత్తాక డాబా మీది కుండీలో ఉన్న నిమ్మగడ్డి నా పాలిట వరమైంది. దాని అంచు బ్లేడులా కోస్తుంది, కనుక ఆకును పొడుగునా లాగకుండా మొదట్లో కత్తెరతో కత్తిరించి, మూడు ఆకులను కలిపి ముడివేసి నీళ్లలో పడవేయడం నేర్చుకున్నాను. ముడివేసేటప్పుడు ఆకు నలిగి, కాచకముందే వంటిల్లంతా నిమ్మ వాసన కమ్ముకుంటుంది. పుదీనాతో మాత్రం దెబ్బతిన్నాను. చల్లగా హాయిగా ఉంటుందని రెండవ వారంలో తాగితే ఆ రాత్రంతా గుండెల్లో మంట. పుదీనా అన్నవాహిక చివరి కవాటాన్ని సడలిస్తుంది, సన్నని గొట్టంలా మారిన జీర్ణాశయంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి స్లీవ్ చేయించుకున్నవారికి పులుపు పైకి తన్నడం అసలే మామూలు. న్యూజెర్సీలో ఉన్న మా మరదలు పంపిన చామంతి టీ సంచులను రక్తం గడ్డకట్టకుండా పొట్టపై సూది మందు వేసుకుంటున్నన్ని రోజులూ విప్పవద్దని డాక్టరు చెబితే అలాగే ఉంచాము.

వద్దనడానికి మొహమాటపడిన సందర్భాలే ఎక్కువ. పెద్దమ్మ చేసి పంపిన కషాయం పొడిలో శొంఠి, మిరియాలతో పాటు అతిమధురం ఉంది. అది ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గించి రక్తపోటును పెంచుతుంది, సరిగా తినలేని రోజుల్లో అది చిన్న విషయం కాదు. షుగర్‌కు మంచిదని మరొకరు ఇచ్చిన దాల్చినచెక్క కూడా రోజూ కాచి తాగదగినది కాదు. బజారులో మనకు ఎక్కువగా దొరికే మందపాటి రకంలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, మోతాదు మించితే కాలేయానికి చేటు. బరువు ఇంకా త్వరగా తగ్గుతారంటూ ఒక బంధువు తెచ్చిన స్లిమ్మింగ్ టీ పెట్టె వెనుక చిన్న అక్షరాలలో సునాముఖి అని ఉంది. విరేచనాలకు వాడే ఆకు అది. నీళ్లు నిలుపుకోవడమే గగనమైన మనిషికి దానిని బహుమతిగా తేవడం చూసి నాకు కోపం కంటే నవ్వే ఎక్కువ వచ్చింది. అమ్మ మాత్రం చాలా రోజులు తేనె దగ్గర పట్టు విడవలేదు. "తేనె ఏం జేస్తది బిడ్డా, దేవుడికే పెడ్తం" అనేది.

తొమ్మిదవ రోజు మధ్యాహ్నం ఫోన్ అలారం వినిపించనంత గాఢంగా నిద్రపోయి, నాలుక పిడచకట్టుకుపోయి లేచాను. ఉగ్గుగిన్నె కనబడలేదు, స్టీలు గ్లాసు కనబడింది. నిమ్మగడ్డి నీళ్లు అర గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాను. ఐదారు క్షణాలలోనే రొమ్ము ఎముక వెనుక ఎవరో పిడికిలితో నొక్కుతున్నట్లు పట్టేసింది, నోట్లో తెల్లని నురగలాంటి ఉమ్మి ఆగకుండా ఊరింది. మా ఆవిడ ఫోన్ చేస్తే డైటీషియన్, గంటసేపు ఏమీ తాగనివ్వకుండా నెమ్మదిగా నడిపించమన్నారు. అరగంటకు అది దిగింది. "ఏమండీ, మళ్లీ గ్లాసు ముట్టుకుంటే నేను పుట్టింటికి పోతాను" అని ఆమె అన్నది, ఆ రోజు నుంచి వంటింట్లో గ్లాసులన్నీ పై అరకు ఎక్కాయి.

మూడవ వారానికి నేను హెర్బల్ టీ కాయడంలో పండిపోయి, రోజుకు లీటరున్నర అవలీలగా తాగుతూ, దాని గురించి గొప్పలు కూడా చెప్పుకోసాగాను. సమీక్షకు వెళ్లినప్పుడు డైటీషియన్ నేను రోజూ తీసుకున్నది రాసుకునే పుస్తకం చూసి పెదవి విరిచారు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ చేరవలసి ఉండగా నాకు 30 కూడా చేరడం లేదు. ఉన్న కాస్త చోటునూ ఏ బలమూ లేని నీళ్లతో నింపుకుంటున్నానని, మెట్లెక్కితే కాళ్లు వణకడానికి కారణం అదేనని నిక్కచ్చిగా చెప్పారు. నిజమే, హాయిగా ఉన్నది కదా అని దానినే ఆహారంగా భావించసాగాను. పాల విరుగుడు తేట నుంచి తీసే, రుచి కలపని వే ప్రోటీన్ పొడిని ఆ టీలోనే కలుపుకోమన్నారు. ఇంటికి రాగానే పొగలు వస్తున్న సోంపు నీళ్లలో ఒక కొలత వేసి తిప్పితే, పాలు విరిగినట్లు తెల్లని గడ్డలు కట్టి చెంచాకు అతుక్కుంది. ఆ వేడికి వే ప్రోటీన్ గడ్డకడుతుంది. కొన్ని ప్రయత్నాల తరువాత, పొడిని ముందు నాలుగు చెంచాల చల్లని నీళ్లలో ముద్దలా కలిపి, చేయి పట్టగలిగేంతగా ఆరిన టీని కొద్దికొద్దిగా పోస్తూ, నురగ రాకుండా నెమ్మదిగా తిప్పితే కుదురుతుందని తెలిసింది. రుచి బాగుందని అబద్ధం చెప్పలేను. అల్లం ఒక ముక్క ఎక్కువ వేస్తే పొడి వాసన కొంత మరుగున పడుతుంది.

ఐరన్ మాత్రల విషయంలోనూ టీ వేళలను మార్చుకోవలసి వచ్చింది. చాయ్‌పత్తాలోలాగే చాలా ఆకుల టీలలో కూడా ఐరన్‌ను పట్టి ఉంచే పదార్థాలుంటాయి. పొట్టలో ఆమ్లం తగ్గినందువల్ల ఐరన్ ఎలాగూ తక్కువగానే ఒంటికి పడుతుంది, బీ12దీ అదే దారి. అందుకని ఐరన్ ఉదయం, కాల్షియం దానికి రెండు గంటల ఎడంగా, టీ ఈ రెండింటికీ దూరంగా పెట్టుకున్నాను. అన్నం మొదలుపెట్టాక తింటూ తాగడం కూడా మానవలసి వచ్చింది, తిన్న అరగంట తరువాతే ఫ్లాస్కు మూత తీసేవాడిని.

రెండు నెలలు నిండాక, కొద్దిగా కెఫీన్ పరవాలేదని అనుమతి దొరకగానే మలక్‌పేటలోని నా పాత ఇరానీ హోటలుకు వెళ్లాను. అప్పటికి 104 కిలోలు ఉన్నాను, గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన నన్ను ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. సాసర్‌లో ఒంపుకుని రెండుసార్లు చప్పరించాను. పాల చిక్కదనం, ఆ తీపి తగిలి కాసేపటికే నుదుట చెమట పట్టి, గుండె దడదడలాడింది. మిగిలినది నా మిత్రుడు తాగాడు.

సంక్రాంతికి ఊరు వెళ్లే ముందు రోజు అమ్మ ఉగ్గుగిన్నెను విభూతితో తోమింది. మూతి లోపల సోంపు మరక మిగిలిపోతే అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి అది కూడా తీసింది. నా దగ్గరే ఉంచమని అడిగితే, "నీకిగ గ్లాసున్నది గద. చిన్నోని పెండ్లయితే వాని పిల్లలకు గావాలె" అంటూ సంచిలో వేసుకుంది. పై అర నుంచి ఒక్క చిన్న స్టీలు గ్లాసు కిందికి దిగింది. దాని లోపలివైపు 30 దగ్గర మేకుతో నేను గీసుకున్న గీత ఇంకా కనిపిస్తుంది.